కంటి నడక: ఓరుగల్లు తోరణం నుంచి బాపు గీత దాకా

ఖిలా వరంగల్ కీర్తి తోరణాలకు తలుపులు లేవు. పక్కన గోడలూ లేవు. నాలుగు దిక్కులా నాలుగు రాతి చట్రాలు, మధ్యలో స్వయంభూ శివాలయం శిథిలాలు. కాకతీయ గణపతిదేవుడి (1199–1262) పేరుతో ముడిపడ్డ ఆ గుడికి దారి చూపడానికి నిలబెట్టినవి ఇవి. 1323లో కోట ఢిల్లీ సేనల పాలయ్యాక గుడి నేలమట్టమైంది, తోరణాలు నిలిచాయి. వాటి మీద దేవుళ్ల బొమ్మలు లేకపోవడం వల్లే బతికిపోయాయని చరిత్రకారులు చెబుతారు. ఉన్నవల్లా తామర మొగ్గలు, జారుగా వేలాడే దండలు, వింత మృగాలు, తోకలు తీగలుగా విచ్చుకున్న పక్షులు.

ఎత్తు సుమారు 10 మీటర్లు. కింద నిలబడి తలెత్తితే చూపు తనంతట తానే ఒక దారి పడుతుంది. నిలువు కంభాల్లో పని తక్కువ కాబట్టి కన్ను అక్కడ ఆగదు, పైకి పోతుంది. దూలాన్ని మోసే ఏటవాలు రాళ్ల దగ్గర నెమ్మదిస్తుంది, నిటారుగా పోతున్న గీత అక్కడ మలుపు తిరిగింది గనుక. అడ్డదూలం చేరేసరికి పని చిక్కబడుతుంది. వరస మీద వరస, మొగ్గ పక్కన మొగ్గ. ఇక కన్ను పక్కకు నడవాలి, అదీ తొందర లేకుండా. శిల్పి ఎక్కడా ఇటు చూడమని చెప్పలేదు. ఉలిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఒత్తుగా నడపాలో ఎంచుకున్నాడు. ఆ రాతి ముందు మనకు కలిగే సంతోషంలో సగం ఆ ఎంపికదే.

బొమ్మల పుస్తకంలోనైనా సినిమాలోనైనా చూడటంలోని సుఖం చాలామటుకు ఇక్కడే ఉందని నా నమ్మకం. తరువాత ఏమవుతుందన్న ఆత్రం మనల్ని ముందుకు తోస్తూ ఉంటుంది. బొమ్మ తీరు ఆ ఆత్రానికి కళ్లెం వేసి, చూపు ఎంత వేగంతో నడవాలో, ఎక్కడ కూర్చోవాలో నిర్ణయిస్తుంది. ఒకే కథను పది మంది చెప్పగా పదిసార్లూ కొత్తగా వింటామంటే కారణం అదే. కథ మారదు, మన నడక మారుతుంది.

తోరణాల పనితనం చూడాలంటే పొద్దున్నే పోవాలి. ఏటవాలు ఎండకు ప్రతి మొగ్గ కిందా చిన్న నీడ పడుతుంది, చెక్కడపు లోతు తెలుస్తుంది. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనలో రంగుల దీపాలు వేసినప్పుడు చూడటానికి హుషారుగానే ఉంటుంది గానీ, ఆ వెలుగు రాతి మీద పూతగా పరుచుకుని లోతును మింగేస్తుంది. రాతికి రంగు అక్కర్లేదు, నీడ కావాలి. ఈ సంగతి మంచి ఛాయాగ్రాహకులందరికీ తెలుసు, దాని దగ్గరకు మళ్లీ వస్తాను. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ తెలంగాణ రాజముద్రను రూపొందించినప్పుడు ఈ తోరణాన్ని అందులోకి తెచ్చారు. కాగితం మీద గోరంత ముద్రగా మారినా అది ఓరుగల్లు తోరణమేనని ఇట్టే తెలిసిపోతుంది. చెక్కడాలన్నీ తీసేసినా బయటి గీత అంత గట్టిగా ఉంది.

ఓరుగల్లును వెండితెర మీద చూపాలన్న కోరిక మనవాళ్లకు కొత్తది కాదు. గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి' 2015 అక్టోబరులో త్రీడీలో వచ్చింది. కాకతీయ నగరాన్ని తోట తరణి సెట్లుగా లేపారు. ఆయన చేతి నేర్పు నగల్లో, సింహాసనాల్లో, మండపాల్లో కనిపిస్తుంది. అయితే తెర నిండా అన్నీ ఒకే బిగువుతో మెరుస్తున్నప్పుడు కన్ను కూర్చునే చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. నేను ఆ సినిమాలో కోరుకున్నది మరికాస్త సాదా రాయి. ఇక్కడ అడివి బాపిరాజు గుర్తుకు రాక మానరు. రుద్రమదేవి కాలపు ఓరుగల్లును 'గోన గన్నారెడ్డి' నవలగా రాసిన ఆ మనిషి చిత్రకారుడు కూడా. 1936లో వచ్చిన 'అనసూయ', 'ధ్రువ విజయం' సినిమాలకు కళాదర్శకుడు. ఆ నవలలో కోట, బురుజు, నగ, నడక అన్నీ కుంచె పట్టిన చెయ్యి రాసినట్టే తెలుస్తాయి. ముందు దూరం నుంచి ఆకారం, తరువాత రంగు, చివరికి ముఖం.

నిజానికి ఓరుగల్లు బొమ్మలు చూడటం ఎరిగిన ఊరు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న 'క్రీడాభిరామం'లో, కొందరు శ్రీనాథుడిదే అనే ఆ వీధి నాటకంలో, మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒకరోజంతా ఈ నగరంలో తిరుగుతారు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి వేశ్య మాచల్దేవి చిత్రశాలా ప్రవేశం ఆ రోజునే. గృహప్రవేశంలో జరిగే వేడుకంతా బొమ్మల గదికి! గోడల మీద పురాణాల్లోని ప్రణయగాథలు. వాటిని చూసి మాట్లాడుకునే రసికులు. ఓరుగల్లులో చిత్తరువులు రాసేవాళ్ల ఇళ్లు 1500 ఉండేవని ఏకామ్రనాథుడి 'ప్రతాపరుద్ర చరిత్ర' చెబుతుంది. లెక్క కవి గొంతులో కాస్త పెరిగిందనుకున్నా, బొమ్మ ఇక్కడ బతుకుతెరువుగా ఉండిందన్నది మాత్రం అర్థమవుతుంది.

ఆ గోడలు పోయాయి. కానీ ఓరుగల్లు చుట్టుపక్కల బొమ్మతో కథ చెప్పే పని పోలేదు. మొన్నమొన్నటి వరకు వరంగల్ జిల్లాలో ఉండి, 2016 తర్వాత సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చేర్యాలలో నకాషీ కుటుంబాలు ఇప్పటికీ పటాలు రాస్తున్నాయి. తెలుగు నేల మీద సినిమాకు, బొమ్మల పుస్తకానికి రెండింటికీ పెద్దక్క ఎవరంటే నేను చేర్యాల పటాన్నే చూపిస్తాను.

పటం తయారీయే ఒక ఓపిక. ఖద్దరు గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత పెడతారు. ఆరనిచ్చి మళ్లీ పెడతారు. నేత కళ్లు మూసుకుపోయి గుడ్డ నున్నగా, చుట్టడానికి వీలుగా తయారవుతుంది. దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో గీత. రంగులు రాళ్ల నుంచి, నీలిమందు నుంచి, దీపపు మసి నుంచి, గవ్వలు, శంఖాల పొడి నుంచి వచ్చేవి. ముందు బొమ్మల హద్దులు, తరువాత వెనుక నేలంతా ఎరుపు, ఆపైన ఒంటి రంగులు, బట్టలు, నగలు, ఆఖరున నల్లని సన్నగీత. ఆ ఆఖరి గీతతో బొమ్మ కళ్లు తెరుస్తుంది.

ఎరుపు గురించి ఆగి చెప్పాలి. చేర్యాల పటంలో వెనుక ఆకాశం లేదు, కొండ లేదు, దూరం లేదు. యుద్ధమైనా పెళ్లయినా అడవయినా అంతటా అదే ఎరుపు. కొత్తగా చూసేవారికి అది లోటనిపించవచ్చు. పటం పని తెలిసినవారికి అదే దాని బలం. లోతు ఉంటే కన్ను బొమ్మలోకి దిగి అక్కడే తచ్చాడుతుంది. ఎరుపు ఆ తలుపు మూసేస్తుంది. ఇక చూపుకు మిగిలింది పక్కకు నడవడమే. ఒక మనిషి నుంచి పక్క మనిషికి, చెయ్యి చూపిన వైపుకు, చూపు తిరిగిన వైపుకు. ముఖాలు చాలావరకు పక్కకే తిరిగి ఉంటాయి, పెద్ద కన్ను ఎదుటివాణ్ణి చూస్తూ ఉంటుంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వంద అడుగుల దూరాన కూర్చున్నవాడికి కూడా తెలియాలి కదా. దేవతలకు నీలం, పసుపు. రాక్షసులకు ముదురు రంగులు. మనుషులకు ఒంటి రంగు. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాడు ఎవరినీ అడగక్కర్లేదు.

పటం అడ్డం సుమారు 3 అడుగులు, నిడివి 30 అడుగులకు పైమాటే. పూల అంచులతో గళ్లు గళ్లుగా విడదీసి కథంతా పైనుంచి కిందికి రాస్తారు. కథ చెప్పేవాళ్లు దాన్ని వేలాడదీసి ఒక్కొక్క గడిని విప్పుతూ పోతారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. మందహెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథ. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం. ప్రతి కులానికి తన పుట్టుక కథ, ఆ కథకు తన పటం. పుల్లతో బొమ్మను తాకుతూ ఒకరు రాగం తీస్తుంటే పక్కవాళ్లు వంత పాడతారు. రాత్రుళ్లకు రాత్రుళ్లు సాగే కథలు ఇవి.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది గడికీ గడికీ మధ్య ఉన్న ఆ పూల అంచు. ఒక గడి ముగిసి మరొకటి మొదలయ్యేలోపు చూపు ఆ అంచు మీద క్షణం సేద తీరుతుంది. కథకుడు ఊపిరి పీల్చుకునేది అక్కడే, జనం మధ్యలో నవ్వుకునేది, పిల్లవాణ్ణి ఒళ్లో సర్దుకునేది అక్కడే. ఎంతసేపు ఆగాలో కథకుడి చేతిలో ఉంది. వీర రసం పొంగుతుంటే రెండు గళ్లు ఒక్కసారే విప్పుతాడు, ఏడుపు ఘట్టంలో ఒక్క గడి మీదే గంట నిలుపుతాడు. సినిమా ఎడిటర్ కత్తెరతో చేసే పనిని వీళ్లు బట్ట చుట్టను వదులుతూ, బిగిస్తూ చేశారు.

పాతబడి చిరిగిన పటాన్ని పారేయరు, ఏట్లో నిమజ్జనం చేస్తారు. నకాషీ దగ్గరకు వెళ్లి కొత్తది రాయించుకుంటారు. అందుకే మరీ పాత పటాలు అరుదు. ధనాలకోట వైకుంఠం నకాష్ వంటి కళాకారులు ఈ పనికి జాతీయ స్థాయిలో పేరు తెచ్చారు, చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఇవాళ కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు. గోడకు తగిలించే చిన్న ఫ్రేములు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ముఖాలు, బొమ్మలు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి. కుటుంబాలు నిలబడ్డాయంటే వాటి వల్లే, అది సంతోషించాల్సిన విషయం. కానీ ఒంటరి గడిలో రంగు, గీత ఉంటాయి, నడక ఉండదు. బోనాల బొమ్మో బతుకమ్మ బొమ్మో కొనుక్కున్నవారు ఒక్కసారైనా ఏ మ్యూజియంలోనో నిండు పటాన్ని పైనుంచి కింది దాకా చూడాలని గట్టిగా కోరుకుంటాను.

ఇక అచ్చు పుస్తకం. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మొదలుపెట్టారు. ఆ ఇద్దరే విజయా సంస్థ పేరుతో 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీశారు. ఒకే ఇంటివాళ్లు పిల్లల చేతిలో బొమ్మల పత్రికనూ, పెద్దల ముందు తెరనూ పెట్టడం తెలుగువాళ్లకు దక్కిన అదృష్టం. రెండింటిలోనూ ఒకటే పట్టుదల కనిపిస్తుంది. వింతను చూపించు, గందరగోళం చెయ్యకు.

చందమామ పుట తీరు చూడండి. దాదాపు ప్రతి పుటలోనూ బొమ్మ. చదివే పిల్లవాడి చూపు అక్షరాల మీద నడిచి అలసిపోయే చోట బొమ్మ ఎదురవుతుంది. చిత్రా గీసిన రాక్షసులు, పడవలు, శిథిల నగరాలు జానపద సీరియళ్లకు భయాన్ని, దూరాన్ని ఇచ్చాయి. ఎం.టి.వి. ఆచార్య మహాభారత ముఖచిత్రాలకు నిండుతనం తెచ్చారు. వడ్డాది పాపయ్య నీటిరంగుల్లో పొద్దుపొడుపూ మసక సంజా ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌదురి దగ్గర నేర్చుకున్న శంకర్ 1952లో చందమామలో చేరారు. ఆయన విక్రమార్కుణ్ణి తెలుగు పిల్లలు ఎవరూ మరిచిపోలేదు. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. నెలనెలా అదే ఘట్టం, అదే నడక. కథ కొత్తది, గుమ్మం మాత్రం పాతదే. ఆ బొమ్మ కనబడగానే పిల్లవాడి మనసు వినడానికి సిద్ధపడేది. శంకర్ కంకణం మీది గీతను కూడా వదలరు, అయినా ముందు కనిపించేది రాజు అడుగే. ఇంత వివరం గీసి, ఇంత స్పష్టత నిలపడం మామూలు చెయ్యి చేయగల పని కాదు.

మాయాబజార్ దగ్గరకు వస్తే మార్కస్ బార్‌ట్లే పేరు చెప్పాలి. తరువాత మలయాళంలో 'చెమ్మీన్' తీసిన ఛాయాగ్రాహకుడు ఈయనే. 'విజయా వారి వెన్నెల' అని జనం చెప్పుకున్నది ఆయన చేసిన వెన్నెలనే. శశిరేఖ, అభిమన్యుల నౌకావిహారం పాటలో నీటి మీద తెల్లటి తళుకు, ముఖాల మీద మెత్తటి వెలుగు, చెట్ల మీద చీకటి, ఇవి దీపాలతో, లెన్సు ముందు పెట్టిన మెలకువలతో పుట్టాయి. నిజమైన వెన్నెలలో అప్పటి ఫిల్ముకు ముఖమే కనిపించేది కాదు. బార్‌ట్లే వెన్నెలను నకలు తీయలేదు. వెన్నెల మనకు ఎలా గుర్తుంటుందో దాన్ని తీశారు.

కె.వి. రెడ్డి దర్శకత్వం, మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కళ ఆ వెలుగుకు తగ్గట్టే ఉన్నాయి. గోఖలే స్వయంగా చిత్రకారుడు, కథకుడు. ఘటోత్కచుడు పెళ్లి వంటకాలు ఆరగించే పాటలో ఎన్ని కిటుకులున్నాయి! లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగురుతాయి, గిన్నెలు ఖాళీ అవుతాయి. ఒక్క కిటుకూ మరో దాని మీద పడదు. చూపు ఒక పళ్లెం దగ్గర నవ్వుకుని, పక్క పళ్లేనికి వెళ్లడానికి తగినంత సమయం ఉంటుంది. ఎస్.వి. రంగారావు శరీరం తెర మధ్యలో కదలని కొండ, చుట్టూ వస్తువులే కదులుతాయి. ఎక్కడ చూడాలన్న తికమక ఒక్క క్షణం కూడా కలగదు.

2010లో ఈ సినిమాకు రంగులు వేసి విడుదల చేశారు. ఎంతో శ్రమపడి చేసిన పని, కొత్త తరం హాలుకు వచ్చింది, అది మేలే. నా మాట అడిగితే మాత్రం నౌకావిహారాన్ని నలుపు తెలుపులోనే చూడమంటాను. బార్‌ట్లే వెలుగును నలుపుకు, తెలుపుకు మధ్య మెట్లు మెట్లుగా పేర్చారు. రంగు పడగానే చీర ముందుకు వస్తుంది, ఆకు ముందుకు వస్తుంది, ఆ మెట్లు మసకబారతాయి. అంతవరకు వెన్నెలను చూస్తున్న కన్ను వస్తువులను చూడటం మొదలుపెడుతుంది.

పుస్తకమూ తెరా ఒక్క మనిషి చేతిలోకే వచ్చినప్పుడు ఏం జరుగుతుందో బాపు చూపించారు. సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933లో పుట్టి 2014లో వెళ్లిపోయిన బాపు, లా చదివి బొమ్మల్లో స్థిరపడ్డారు. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు'కు ఆయన వేసిన బొమ్మల్లో వెనుక గది ఉండదు, గోడ ఉండదు, చాలాసార్లు నేల కూడా ఉండదు. కుంచె ఒత్తితే లావు, వదిలితే సన్నం, అలా తెగకుండా నడిచే ఒకే గీతలో పిల్లవాడి పొగరు మొత్తం వచ్చేస్తుంది. మిగతా కాగితం తెలుపు. ఆ తెలుపులోకి రమణ మాటలు వచ్చి నిండుతాయి. బొమ్మ మాటను మళ్లీ చెప్పదు, మాటకు చోటిస్తుంది. ఆయన చేతిరాత కూడా అదే గీత నుంచి పుట్టింది. తలకట్టు, కొమ్ము, దీర్ఘం అన్నీ కుంచె వంపులే కాబట్టి పుస్తకం అట్ట మీద పేరూ బొమ్మా వేరు వేరుగా కనిపించవు. ఇప్పుడు ఆ అక్షరాలు కంప్యూటర్లలో ఫాంటుగా పెళ్లి శుభలేఖల మీద నిలిచాయి.

ఈ చెయ్యే కెమెరా వెనక్కి వెళ్లింది. తీయబోయే షాట్లను బాపు ముందుగానే బొమ్మలుగా గీసుకునేవారు. 'సాక్షి' (1967)తో మొదలైన ఆ ప్రయాణంలో నేను మళ్లీ మళ్లీ చూసేది 'ముత్యాల ముగ్గు' (1975). 'గరమ్ హవా' తీసిన ఇషాన్ ఆర్య దీనికి ఛాయాగ్రాహకుడు, జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. అప్పటి తెలుగు సినిమాలో తెర నిండా దీపాలు వెలిగించడం అలవాటు. ఆర్య కిటికీ వెలుగును, పొద్దుటి వెలుగును నమ్ముకున్నారు. రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టరు ఎర్రబడ్డ తూరుపు ఆకాశాన్ని చూస్తూ మాట్లాడే ఘట్టం అందరికీ గుర్తే. డైలాగు రమణది, గొంతు రావు గోపాలరావుది. కానీ అంత క్రూరమైన మాట అంత తీరిగ్గా మనలోకి దిగిందంటే, ఆ పొద్దుపొడుపును తొందరపెట్టకుండా నిలిపిన తెర దానికి సాయం పట్టింది. నాయిక సంగీత ముఖం మీద, వాకిట్లో ముగ్గు మీద వెలుగు పడే తీరులో పుస్తకాల్లోని బాపు బొమ్మ కనిపిస్తుంది. సాదా నేల, ఒక్క మనిషి, చుట్టూ ఖాళీ.

'సీతాకల్యాణం' (1976) లండన్, షికాగో చిత్రోత్సవాల దాకా వెళ్లింది. అందులో గంగావతరణం ఉంది. రవికాంత్ నగాయిచ్ ట్రిక్ ఫొటోగ్రఫీ. ఇవాళ్టి కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసిన కళ్లకు అందులో అతుకులు కనిపిస్తాయి, అయినా ఆ ఘట్టం చెదరలేదు. ఆకాశం నుంచి శివుడి జటల్లోకి, జటల్లోంచి నేల మీదికి, భగీరథుడి వెనకాలే ముందుకు, నీరు ఒక్కో మెట్టూ దిగుతుంటే ప్రతి మెట్టూ విడి బొమ్మగా నిలబడుతుంది. ఒకటి పూర్తిగా చూశాకే మరొకటి. మనిషి చిన్నవాడుగా, ఆకాశం పెద్దదిగా ఉంటుంది, ఆ మధ్య ఖాళీని బాపు దేనితోనూ నింపలేదు. చేర్యాల కథకుడు పటాన్ని గడి గడిగా కిందికి విప్పే తీరు ఎరిగినవారికి ఈ అవతరణం పోలిక పట్టేస్తుంది. అక్కడ గుడ్డ దిగుతుంది, ఇక్కడ నీరు దిగుతుంది. రెండు చోట్లా తరువాతి గడి కోసం మనం ఎదురుచూసే ఆ కాస్త వ్యవధిని చేతిపని ఎరిగినవాళ్లే కొలిచి పెట్టారు.